రేడియోలో గరగర

మా అమ్మమ్మ చదివింది మూడో తరగతి. వాతావరణ శాస్త్రమన్న మాట ఆవిడ ఎన్నడూ విని ఉండదు. అయినా మే నెలలో డాబామీద వడియాలు పెట్టిన రోజున మటుకు, వంటింటి గూట్లో ఉన్న పాత మర్ఫీ రేడియోని ఎవర్నీ ఆపనిచ్చేది కాదు. అందులో పాట వస్తున్నా, బజారు ధరలు వస్తున్నా ఆవిడ ధ్యాస వాటిమీద ఉండేది కాదు. మధ్యమధ్య “చిట్... చర్ర్...” మంటూ వచ్చే గరగరకోసం చెవొగ్గి ఉండేది. ఒకటీ అరా వస్తే పట్టించుకునేది కాదు. వరసబెట్టి వచ్చాయంటే, “ఒసే పిల్లా, డాబా ఎక్కవే!” అని కేక. పైకెళ్ళి చూస్తే ఎండ ఫెళ్ళున కాస్తూండేది. సణుక్కుంటూ, పాతచీర నాలుగు కొసలూ తలా ఒకళ్ళం పట్టుకుని వడియాలు కిందికి దింపేవాళ్ళం. ఆ తరవాత గంటకో గంటన్నరకో పడమటి దిక్కున మబ్బు లేవడం, ఈదురుగాలి, ఉరుము, వాన!

ప్రతిసారీ అలాగే జరిగేదని అబద్ధం చెప్పను. రెండుమూడు సార్లు ఊరికే దింపి, మళ్ళీ ఎక్కించి, వడియాలన్నీ ముద్దచేసుకున్నాం. కాని ఎక్కువసార్లు అమ్మమ్మే గెలిచేది.

అదే రేడియో దగ్గర మా మామయ్య పద్ధతి వేరు. నాటకం మంచి పట్టులో ఉండగా గరగర వచ్చిందంటే సెట్టు నెత్తిమీద ఒక్కటి చరిచేవాడు. ముల్లు అటూ ఇటూ తిప్పేవాడు. ఏరియల్ తీగ పట్టుకు ఊపేవాడు. “వెధవ డబ్బా” అని తిట్టేవాడు. అయినా గరగర పోయేది కాదు. అది డబ్బాలో ఉంటేగా పోవడానికి!

రేడియో చరిత్రమీద ఒక ప్రసంగం చెయ్యమన్నప్పుడు నాకు దొరికిన పుస్తకాలు తిరగేశాను. చిత్రమేమిటంటే, రెండువందల ఏళ్ళకు పైబడిన ఆ చరిత్రలో నాకు అడుగడుగునా మా అమ్మమ్మా, మా మామయ్యా కనిపించారు. గరగరని శ్రద్ధగా విన్నవాళ్ళు కొందరు. దాన్ని వదిలించుకోవాలని జీవితం ధారపోసినవాళ్ళు కొందరు. ఇవాళ మీకు చెప్పబోయేది వాళ్ళ కథే.

అసలు ఆ గరగర ఎక్కణ్ణించి వస్తుందో ముందు చూద్దాం. మనందరికీ అనుభవంలో ఉన్న సంగతే ఇది. రేడియో పాడుతూండగా మిక్సీ వేస్తే “బర్ర్” మంటుంది కదండీ? లైటు స్విచ్చి వేస్తే “టక్” మంటుంది. మిక్సీ మోటారులో బొగ్గు బ్రష్షుల దగ్గర చిన్నచిన్న నిప్పురవ్వలు ఎగురుతూంటాయి. విద్యుత్తు ఒక్కసారిగా అలా గెంతిన చోటల్లా, చెరువులో రాయి పడితే అలలు లేచినట్లు, నాలుగువైపులకీ విద్యుదయస్కాంత తరంగాలు లేస్తాయి. రేడియో స్టేషను పంపేవీ ఆ జాతి తరంగాలే. కాబట్టి పాపం రేడియోకి తేడా తెలీదు. ఏరియల్‌కి తగిలినవన్నీ వినిపిస్తుంది.

మెరుపన్నది కిలోమీటర్ల పొడుగున ఉండే నిప్పురవ్వ. మామూలు మెరుపు దెబ్బ ఒక్కదానిలో 30,000 ఆంపియర్ల దాకా విద్యుత్తు పారుతుంది. మన ఇంట్లో ఫ్యూజు 5 ఆంపియర్లకో 15 ఆంపియర్లకో ఎగిరిపోతుందని గుర్తుచేసుకుంటే ఆ దెబ్బ ఏపాటిదో తెలుస్తుంది. పైగా స్టేషను తీరు వేరు, మెరుపు తీరు వేరు. స్టేషనంటే ఒకే శ్రుతిలో మోగే వీణ తీగలాంటిది. మెరుపంటే అటకమీంచి ఇత్తడిగిన్నెల బుట్ట గచ్చుమీద పడ్డట్టు! అన్ని స్వరాలూ ఒక్కసారే మోగుతాయి. అందుకే మామయ్య ముల్లు ఎటు తిప్పినా గరగర వదిలేది కాదు. అయితే ఒక్క విషయం. ఆ మోతలో బలమంతా కింది శ్రుతుల్లోనే ఉంటుంది. పైపైకి పోయినకొద్దీ పలచబడుతుంది. మనం వినే మీడియం వేవుకి ఆ బలం బాగానే తగులుతుంది. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

అమ్మమ్మకి ముందుగా ఎలా తెలిసేదంటారా? ఉరుము నిదానంగా నడిచివచ్చే చుట్టం. కిలోమీటరు రావడానికి 3 సెకన్లు పడుతుంది. 20 కిలోమీటర్లు దాటితే సాధారణంగా మన చెవిదాకా రానే రాదు. మెరుపు పుట్టించిన తరంగం అలా కాదు, సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది, వందల కిలోమీటర్ల దూరం అందుతుంది. ఎక్కడో పడమట మబ్బులు కొట్టుకుంటూంటే ఇక్కడ వంటింట్లో చిటపట వినిపించేది అందుకే. రాత్రివేళ మరీ దూరాన్నించి వస్తుంది. పగటిపూట ఎండ తాకిడికి పైన వాతావరణంలో ఒక పొర ఏర్పడి మీడియం వేవు తరంగాలని మింగేస్తూంటుంది. పొద్దుగూకాక ఆ పొర కరిగిపోతుంది. ఇంకా పైన ఉన్న పొర తరంగాలని అద్దంలా తిప్పికొడుతుంది. రాత్రి పూట దూరదేశాల స్టేషన్లు వినిపించడానికీ, ఇక్కడ నక్షత్రాలు మెరుస్తూండగానే రేడియో గరగరలాడడానికీ కారణం ఒకటే. భూమ్మీద మొత్తంమీద సెకనుకి 40కి పైగా మెరుపులు మెరుస్తూంటాయి కనక, ఈ చప్పుడు ఎప్పుడూ ఎక్కడో అక్కడ ఉంటూనే ఉంటుంది.

ఇహ చరిత్రలోకి వద్దాం. ఈ గరగరని మొట్టమొదట పట్టింది రేడియో కాదు. కప్ప కాలు!

ఇటలీలో బొలోన్యా అనే ఊళ్ళో లూయీజీ గాల్వానీ అని ఒక వైద్యుడు ఉండేవాడు. చచ్చిన కప్పల కాళ్ళమీద విద్యుత్తు ఎలా పనిచేస్తుందో పరీక్షలు చేస్తూండేవాడు. ఆయన భార్య లూచియా ఆయన గురువుగారి కూతురు. చదువూ తెలివీ ఉన్న మనిషి, భర్త పరిశోధనల్లో చెయ్యి కలిపేది. 1786 ప్రాంతంలో గాల్వానీ ఇంటి కప్పుమీద ఒక ఇనుప తీగ కట్టి, దాని కొసకి కప్ప నరాన్ని తగిలించి, కాళ్ళకి ఇంకో తీగ కట్టి దాన్ని బావి నీళ్ళలోకి వదిలాడు. గాలివాన వచ్చింది. మెరుపు మెరిసినప్పుడల్లా ఆ చచ్చిన కాళ్ళు గిలగిల తన్నుకున్నాయి. ఉరుము వినపడకముందే తన్నుకున్నాయి! కప్పుమీద ఏరియల్, బావిలో ఎర్తు, మధ్యలో కప్ప కాలు. ఇది రేడియో సెట్టు కాక మరేమిటండీ? కాని ఆ సంగతి ఆయనకి తెలీదు. ఆ శతాబ్దంలో ఎవరికీ తెలీదు. లూచియా 1788లో చనిపోయింది. ఆయన 1791లో వెలువరించిన గ్రంథం చూసుకునే భాగ్యం ఆమెకి లేకపోయింది.

ఆ తరవాత డెబ్భై ఏళ్ళు దాటాక, 1865లో, స్కాట్లండు దేశస్థుడు మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత తరంగాలనేవి ఉండితీరాలని కాగితంమీద లెక్కగట్టి చెప్పాడు. 1887, 88ల్లో జర్మనీలో హెర్ట్జ్ వాటిని గదిలో పుట్టించి చూపాడు. ఎలా పుట్టించాడనుకున్నారు? రెండు లోహపు గుళ్ళ మధ్య నిప్పురవ్వ దూకించి. అంటే ఒక బుల్లి మెరుపు తయారుచేసుకుని. 1890లో ఫ్రాన్సులో బ్రాన్లీ అనే ఆయన, గాజుగొట్టంలో పోసిన లోహపు రజను దగ్గర్లో నిప్పురవ్వ రేగగానే విద్యుత్తుకి దారి ఇస్తుందని కనిపెట్టాడు. ఇంగ్లండులో లాడ్జ్ ఆ గొట్టాన్ని ఈ తరంగాలు పట్టడానికి వాడాడు.

ఇక్కడ ఒక చిక్కొచ్చింది. తరంగం తగలగానే రజనంతా ఒకదానికొకటి అతుక్కుపోతుంది. వానాకాలంలో ఉప్పు గడ్డకట్టినట్టు. అలా అతుక్కున్నది మళ్ళీ విడిపోతేగాని రెండో తరంగం వచ్చినట్టు తెలీదు. ఉప్పు సీసా అయితే మనం ఏం చేస్తాం? ఒక తట్టు తడతాం. రష్యాలో క్రోన్‌స్టాట్ నౌకాదళం బడిలో పాఠాలు చెప్పే అలెగ్జాండర్ పొపోవ్ సరిగ్గా అదే చేశాడు. తరంగం రాగానే గంట మోగేటట్టు, ఆ గంట కొట్టే సుత్తే వెనక్కి వస్తూ గొట్టాన్ని ఒక తట్టు తట్టేటట్టు అమర్చాడు. పైకి ఒక పొడుగు తీగ కట్టాడు. 1895 మే 7న సెంట్ పీటర్స్‌బర్గులో శాస్త్రజ్ఞుల సభలో దాన్ని చూపించాడు. ఆ వేసవిలోనే దాన్ని ఆ నగరంలోని అటవీ విద్యాసంస్థలో ఉన్న వాతావరణ కేంద్రంలో పెట్టారు. కాగితంమీద గీత గీసే కలం కూడా జోడించారు. 30 కిలోమీటర్ల దూరంలో మెరిసిన మెరుపుకి కూడా అది గంట కొట్టి గీత గీసింది.

చూశారా! రేడియో చరిత్రలో మొట్టమొదట ఉద్యోగంలో చేరిన రిసీవరు పాటలు వినడానికి పుట్టలేదు, మెరుపుని వినడానికి పుట్టింది. అప్పటికి వినడానికి మరో స్టేషనేదీ? మెరుపే అప్పటి ఏకైక స్టేషను. రష్యాలో నేటికీ మే 7ని రేడియో దినంగా జరుపుకుంటారు. రేడియో కనిపెట్టింది పొపోవా, మార్కోనీయా అని రెండు పక్షాలు పోట్లాడుకుంటూనే ఉన్నాయి. ఆ రోజుల్లోనే మన కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గోడల అవతలికి ఈ తరంగాలు పంపి గంట మోగించి చూపారు. ఆ పోట్లాటలో ఆయన పేరు చాలామంది మరిచిపోతారు. నాకు మటుకు అది కష్టంగా ఉంటుంది.

మార్కోనీ ప్రస్తావన వచ్చింది కనక ఒక్క మాట. 1901 డిసెంబరు 12న అట్లాంటిక్ సముద్రానికి ఈవలనించి పంపిన మూడు చుక్కల సంకేతాన్ని ఆవల ఒడ్డున న్యూఫౌండ్‌లాండులో విన్నానని ఆయన ప్రకటించాడు. లోకమంతా పొగిడింది. అయితే ఆ రోజు అక్కడ గరగర విపరీతంగా ఉంది. ఆయన విన్నవి ఇంగ్లండునించి వచ్చిన చుక్కలా, ఆకాశంలోంచి వచ్చిన చిటపటలా అని అనుమానించే నిపుణులు ఇప్పటికీ ఉన్నారు. తరవాత ఆయన నిజంగానే సముద్రం దాటించాడు లెండి.

స్టేషన్లు పెరిగాక గరగర అందరికీ శత్రువైంది. ఓడలకి పంపే వార్తలు మధ్యలో తెగిపోయేవి. దాన్ని ఎలా చంపాలా అని ప్రతి కంపెనీ తల బద్దలు కొట్టుకుంటూంటే, ఇంగ్లండు వాతావరణ శాఖలో రాబర్ట్ వాట్సన్ వాట్ అనే యువకుడు మా అమ్మమ్మ దారి పట్టాడు. అది మొదటి ప్రపంచ యుద్ధకాలం, 1915. అప్పటి విమానాలు కర్రా గుడ్డా కట్టినవి, గాలివానలో చిక్కితే అంతే సంగతులు. గరగర ఏ దిక్కునించి వస్తోందో తెలిస్తే తుఫాను ఎక్కడుందో తెలుస్తుంది కదా అని ఆయన ఊహ. కాని ఏరియల్‌ని ఆ దిక్కుకి తిప్పేలోపల మెరుపు మాయమవుతుంది. ఒక్కొక్క దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు మరి. 1920ల్లో ఆయన రెండు ఏరియళ్ళని అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అమర్చి, వాటిని గాజు తెరమీద వెలుగుగీత గీసే గొట్టానికి కలిపాడు. మెరుపు మెరవగానే ఆ దిక్కుకే తెరమీద గీత పడుతుంది. కన్ను మూసి తెరిచేలోపల తుఫాను దొరికిపోతుంది.

ఆ నేర్పు వృథా పోలేదు. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర ఆయనా, ఆయన సహచరులూ రేడియో తరంగాలు విమానాన్ని తగిలి తిరిగిరావడం ఇలాంటి తెరమీదే పట్టుకున్నారు. అదే రాడార్. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు తీరం పొడుగునా ఆ తెరల ముందు రాత్రింబవళ్ళు కూచుని శత్రు విమానాల జాడ చెప్పినవాళ్ళలో చాలామంది ఆడపిల్లలు. మెరుపుని వెతకడానికి నేర్చిన విద్య ఒక దేశాన్ని కాపాడింది.

అమెరికాలో ఇంకో అమ్మమ్మ మనవడు ఉన్నాడు. పేరు కార్ల్ జాన్‌స్కీ. బెల్ టెలిఫోను ప్రయోగశాలలో ఉద్యోగం. సముద్రం మీదుగా సాగే రేడియో టెలిఫోను సంభాషణల్ని గరగర పాడుచేస్తోంది, అది ఎక్కణ్ణించి వస్తోందో తేల్చమని పురమాయించారు. ఆయన న్యూజెర్సీలో ఒక పొలంలో, ఫోర్డు కారు చక్రాలమీద పెద్ద ఏరియల్ కట్టి, 20 నిమిషాలకి ఒక చుట్టు తిరిగేటట్టు చేశాడు. పిల్లలాడుకునే రంగులరాట్నం పేరే దానికి పెట్టారు తోటివాళ్ళు. నెలల తరబడి విన్నాక గరగరని మూడు రకాలుగా ఏరాడు, మనం చేటలో బియ్యం ఏరినట్టు. ఒకటి దగ్గరి మెరుపులది. రెండోది దూరపు మెరుపులది. మూడోది చిటపట కాదు, సన్నగా “స్స్...” మంటూ ఎడతెగకుండా వచ్చే చప్పుడు. అది మెరుపుది కాదు. మరి దేనిది?

ఇంకొకరైతే ‘ఇతరములు’ అని రాసి ఫైలు మూసేవారే. జాన్‌స్కీ వదల్లేదు. ఆ చప్పుడు రోజూ 4 నిమిషాలు ముందుగా వస్తోందని గమనించాడు. సూర్యుడిదైతే సరిగ్గా 24 గంటలకి రావాలి. రోజూ 4 నిమిషాలు ముందుకు జరిగేవి నక్షత్రాలు! ఆ చప్పుడు ధనూరాశి దిక్కునించి, మన పాలపుంత నడిబొడ్డునించి వస్తోందని 1933లో ప్రకటించాడు. రేడియోతో ఆకాశాన్ని చూసే శాస్త్రం ఆ రోజున పుట్టింది. ఇవాళ పుణె దగ్గర పొలాల మధ్య మనవాళ్ళు కట్టిన పెద్ద రేడియో దూరదర్శిని ఆ వంశంలోదే. పాపం జాన్‌స్కీకి మటుకు ఆ పని కొనసాగించే అవకాశం రాలేదు. కంపెనీ వేరే పని అప్పగించింది. 44 ఏళ్ళకే, 1950లో పోయాడు.

ఇప్పుడు మా మామయ్య పక్షానికి వస్తాను. ఇందులో ఒక ఆడమనిషి కథ ఉంది, నిజానికి ఈ ప్రసంగమంతా ఆవిడకోసమే రాశాననుకోండి.

ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1890లో న్యూయార్కులో పుట్టాడు. ఆయన 1918లో కనిపెట్టిన సూపర్ హెటరడైన్ పద్ధతే తరవాత ఇంటింటి రేడియోలోనూ పనిచేసింది, మా అమ్మమ్మ మర్ఫీతో సహా. ఆర్.సి.ఎ. అనే పెద్ద రేడియో కంపెనీలో డేవిడ్ సార్నాఫ్ అనే అధికారి ఆయనకి స్నేహితుడు. సార్నాఫ్ దగ్గర సెక్రటరీగా పనిచేసే అమ్మాయి మారియన్. ఆమె మెప్పుకోసం ఈయన 1923లో ఒక పెద్ద భవనంమీది రేడియో స్తంభం ఎక్కి కూచుని ఫొటో తీయించుకున్నాడట. ఆ ఏడు డిసెంబరులో పెళ్ళయింది. పెళ్ళికానుకగా ఒక రేడియో చేసిచ్చాడు, పట్టుకు తిరగడానికి వీలయిన సూపర్ హెటరడైన్ సెట్లలో అదే మొదటిది. సముద్రపుటొడ్డున ఇసుకలో ఇద్దరూ దాని పక్కన కూచున్న ఫొటో ఒకటి ఉంది. నగా నట్రా కాక రేడియో ఇచ్చే మొగుడు! చూస్తే నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది.

గరగర పోగొట్టే డబ్బా ఒకటి చేసిపెట్టమని సార్నాఫ్ అంటూండేవాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏళ్ళ తరబడి ఆ ఒక్క పనిమీదే కూచున్నాడు. డబ్బాతో అయ్యే పని కాదని తేలింది. రేడియో పద్ధతే మార్చాలి.

అదేమిటో చెప్తాను. మీడియం వేవులో పాటని తరంగం ఎత్తులో దాస్తారు. స్వరం హెచ్చితే అల ఎత్తు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. మెరుపు వచ్చి ఆ అలమీద తన ఎత్తు కూడా కుప్ప పోస్తుంది. ఏది పాటో ఏది మెరుపో విడదీయడానికి వీల్లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏం చేశాడంటే, పాటని ఎత్తులో కాక, అలలు ఎంత తొందరగా వస్తున్నాయన్న దాంట్లో దాచాడు. అదే ఎఫ్.ఎం. ఇప్పుడు ఎత్తుతో మనకి పనిలేదు. కుంచంతో బియ్యం కొలిచేటప్పుడు పైన లేచిన శిగని అరచేత్తో నెట్టేస్తాం చూడండి, అలాగే రిసీవరులో అలల తలలన్నీ ఒకే ఎత్తుకి నెట్టేశాడు. మెరుపు పోసిన కుప్ప శిగతోపాటు పోయింది, కుంచంలో పాట మిగిలింది. పైగా ఎఫ్.ఎం. ఉండేది బాగా పైశ్రుతిలో. మెరుపు బలం అక్కడికి చేరేసరికి పలచబడుతుందని ఇందాక చెప్పానుగా, అదీ కలిసొచ్చింది. ఈ పద్ధతివల్ల ప్రయోజనం లేదని అంతకుముందే, 1922లో, కార్సన్ అనే పెద్ద గణితవేత్త లెక్కకట్టి చూపించాడు. లెక్క తప్పు కాదు. తరంగానికి ఇరుకుదారి ఇస్తే ప్రయోజనం లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ విశాలంగా దారి వదిలాడు.

1933 డిసెంబరు 26న పేటెంట్లు వచ్చాయి. మరుసటి ఏడు న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ భవనంమీంచి పంపితే 110 కిలోమీటర్ల అవతల స్పష్టంగా వినిపించింది. పాత పద్ధతిలో అంతా గరగర, కొత్త పద్ధతిలో నిశ్శబ్దం మీద సంగీతం. 1935 నవంబరులో ఇంజనీర్ల సభలో గ్లాసులోకి నీళ్ళు వంచిన చప్పుడూ, కాగితం నలిపిన చప్పుడూ కూడా వినిపించి అందర్నీ అబ్బురపరిచాడు.

సార్నాఫ్ అడిగింది డబ్బా. ఈయన ఇచ్చింది, ఉన్న స్టేషన్లన్నిటినీ సెట్లన్నిటినీ మూలపడేసే కొత్త రేడియో. కంపెనీకి అది ఎలా రుచిస్తుంది? వాళ్ళ మనసు టెలివిజను మీద ఉంది. ఎంపైర్ స్టేట్ భవనంమీంచి సామాను తీసేయమన్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ సొంత డబ్బుతో స్టేషను కట్టుకున్నాడు. 1940లో 10 లక్షల డాలర్లు తీసుకుని హక్కులిచ్చేయమంటే వద్దన్నాడు, మిగతావాళ్ళలాగే సెట్టుకింత అని ఇవ్వమన్నాడు. 1945లో ప్రభుత్వం ఎఫ్.ఎం. స్థానమే మార్చేసింది. అప్పటిదాకా జనం కొన్న ఎఫ్.ఎం. సెట్లన్నీ పనికిరాకుండా పోయాయి. 1948లో కోర్టుకెక్కాడు. ఏళ్ళూ పూళ్ళూ గడిచాయి. డబ్బయిపోయింది. 1953 నవంబరులో, పండగ రోజున, మారియన్‌తో గొడవపడి ఆవిడమీద చెయ్యిచేసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురం తరవాత! ఆవిడ చెల్లెలింటికి వెళ్ళిపోయింది. రెండు నెలలు గడిచాక, 1954 జనవరి 31 రాత్రి, ఆమెకి క్షమాపణగా ఒక ఉత్తరం రాసిపెట్టి ఆయన ప్రాణం తీసుకున్నాడు.

ఆ ఉత్తరం చదువుకున్న మనిషి స్థితి ఎలా ఉంటుందో మనం ఊహించగలం. తనమీద చెయ్యెత్తినవాడు. తనకి పెళ్ళికానుకగా రేడియో చేసిచ్చినవాడు. పైగా అవతలి పక్షాన ఉన్నది ఒకప్పుడు తను కొలువు చేసిన దొర. మారియన్ ఏడుస్తూ కూచోలేదు. ఆర్.సి.ఎ.తో ఆ ఏడాదే రాజీ కుదుర్చుకుంది. వచ్చింది 10 లక్షల డాలర్ల పైచిలుకు. పధ్నాలుగేళ్ళ కిందట ఆయన కాదన్న సొమ్ము ఎంతో, ఇదీ ఇంచుమించు అంతే! కాని ఆవిడ అక్కడ ఆగలేదు. ఎఫ్.ఎం. సెట్లు తయారుచేసి పైసా చెల్లించని కంపెనీలు ఇంకా చాలా ఉన్నాయి. ఒక్కొక్క కంపెనీనే కోర్టులో నిలబెట్టింది. ఆఖరిది మోటరోలా. 1967లో ఆ వ్యాజ్యం కూడా గెలిచింది. 13 ఏళ్ళు! ఎఫ్.ఎం. ఆర్మ్‌స్ట్రాంగ్‌దేనని కోర్టులన్నీ ఒప్పుకున్నాయి. ఆవిడ 1979లో పోయింది. పుస్తకాల్లో ఆమె పేరు ‘ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య’ అని ఒకటి రెండు చోట్ల కనిపిస్తుంది, అంతే.

మన దేశంలో మొదటి ఎఫ్.ఎం. ప్రసారం 1977 జూలై 23న మద్రాసులో మొదలైంది. ఇప్పుడు ఊరూరా ఎఫ్.ఎం. ఉంది. ఉరుములు దద్దరిల్లుతున్నా పాట తెగదు. మామయ్య ఉంటే సంతోషించేవాడు.

అమ్మమ్మ పక్షం కూడా ఓడిపోలేదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారు దేశమంతటా 80కి పైగా గ్రాహకాలు పెట్టారు. మెరుపు పంపే ఈ తరంగాలని నాలుగైదు చోట్ల పట్టి, ఏ చోటికి ఎంత ముందు వచ్చిందో పోల్చి, మెరుపు ఎక్కడ పడిందో చెప్పేస్తాయి. వాళ్ళ ‘దామిని’ అనే యాప్ మన ఫోనులో పెట్టుకుంటే 20 కిలోమీటర్లలో, 40 కిలోమీటర్లలో మెరుపులుంటే హెచ్చరిస్తుంది. పొలం పనుల్లో ఉన్నవాళ్ళకి అది ప్రాణాలకు సంబంధించిన సంగతి. పల్లెల్లో మన చుట్టాలుంటే వాళ్ళకి చెప్పండి. ఇంకో మాట. పాత సెట్టుకి డాబామీది ఏరియల్ ఇంకా ఉన్నవాళ్ళు, గరగర వినగానే, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే తీగ ఊడదీసేయండి. ఉరుములు దగ్గరయ్యాక దాన్ని ముట్టుకోవద్దు. అమ్మమ్మ కూడా ముందు తీగ తీయించి, ఆ తరవాతే అర్జునుడి పది పేర్లూ తలుచుకునేది.

మొన్న మే నెలలో మా అపార్ట్‌మెంటు డాబామీద గుమ్మడి వడియాలు పెట్టాను. వంటింట్లో చిన్న ట్రాన్సిస్టరు మీడియం వేవులో పెట్టి పనిచేసుకుంటున్నాను. మధ్యాహ్నం మూడింటికి మా అమ్మాయి ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. “అమ్మా, దామిని చెప్తోంది, 40 కిలోమీటర్లలో మెరుపులుట, వడియాలు!” అంది. పళ్ళేలు అప్పటికే కిందికి వచ్చేసి గట్టుమీద వరసగా ఉన్నాయి. అరగంటయింది దింపి.